కందకం

పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీస్తే
ముందు వాసన పలకరిస్తుంది.
సూడోమొనాస్‌దైతే మాగిన ద్రాక్ష వాసన.
పదకొండేళ్లుగా నేను ద్రాక్ష ముట్టలేదు.

ఈరోజు ద్రాక్ష లేదు.
లూపుతో ఎత్తితే
అరిసెల పాకంలా తీగ సాగింది.
మొన్న పక్క మంచం ఖాదర్ బాషా చీములోనూ
ఇదే తీగ.
ఆ వార్డుకి రెండు కుళాయిలు,
ఒకదానికి పిడి లేదు.

మందు బిళ్ళలు చొక్కా గుండీ కన్నా చిన్నవి,
పళ్ళేనికి ఆరు.
మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ
గుండ్రంగా ఖాళీ జాగా.
కొత్తలో దాన్ని కందకం అనేదాన్ని.
అప్పుడు స్కేలు పెట్టి కొలిచేదాన్ని
ఇరవై రెండు, ఇరవై ఆరు, ముచ్చటగా.

ఇక్కడ కొలవడానికేం లేదు.
బిళ్ళ అంచుదాకా వచ్చి కూర్చున్నాయి,
కొండారెడ్డి బురుజు నీడలో
శనక్కాయల బండ్లోళ్ళ మాదిరి,
తీరిగ్గా.
ఆర్. ఆర్. ఆర్.
చేయి రాసుకుంటూ పోయింది.

పేరు ఉరుకుందు. నలభై నాలుగు. దేవనకొండ.
కుడి కాలు, చీము.
యార్డులో ఉల్లిమూటలు మోస్తాడని
ఫారంలో లేదు,
కిటికీ దగ్గర సుంకులమ్మ చెప్పింది.
కొంగుముడి విప్పి ఖాళీ షీట్లు పరిచింది
రసీదుల్లా.
"ఆరెంపీ రెండు దినాలకిచ్చె. తగ్గె. నిలిపేస్తిమి.
మళ్లా లేసె. ఇంగో రకమిచ్చె.
వీటికన్నా పెద్ద సూది ల్యాదా మేడం?
అప్పు జేసైనా తెస్తాం."

సూదికి పెద్దా చిన్నా
ధరలోనే ఉందనుకుంటుందామె.
ఎట్లా చెప్పేది?

ఒకటి మిగిలింది. కొలిస్టిన్.
దాన్ని బిళ్ళతో తేల్చకూడదు.
గుంటల పళ్ళెంలో పోసి
రాత్రంతా ఉంచాలి.
తేటగా ఉన్న గుంటలో మందు గెలిచినట్టు.
మబ్బు కమ్మిన గుంటలో, అవి.

ఆ రాత్రి ఇంట్లో
చిన్నోడి చొక్కాకి గుండీ కుడదామని
మిషన్ సొరుగు లాగితే
దారపు ఉండల కింద షీటు,
మూడు మాత్రలు మిగిలి.
వాడి గొంతునొప్పికి తెచ్చినవి.
చీటీ లేకుండా తెచ్చింది నేనే.
ఐదు రోజులవి రెండు రోజులకే,
"తగ్గిందిలే" అని ఆపిందీ
నేనే.
అందరికీ ఆర్ రాసే ఈ చేయే.

పారేద్దామంటే, ఎక్కడ?
సింకులో వేస్తే హంద్రీలోకి,
హంద్రీ నుంచి తుంగభద్రలోకి,
అక్కణ్ణించి ఎవరి కుండలోకో.
సొరుగు మూసేశాను.
గుండీ కుట్టలేదు.

పొద్దున పళ్ళెం కిటికీ వెలుగుకు పట్టాను.
మొదటి గుంట మబ్బు.
రెండోదీ మబ్బే.
మూడోది కూడా.
నాలుగోది
తేటో, మబ్బో,
నా వేలి నీడో.

అద్దం అవతల సుంకులమ్మ,
చేతిలో క్యారియర్.
చదువు రాదు ఆమెకి,
రిపోర్టు నా మొహంలో చూసుకుంటుంది.

నేనింకా
తల ఎత్తలేదు.