చక్కని చుక్క

హీయుమా దీవి నుంచి రెండు రోజులు
పడవ రాలేదు, సముద్రం గడ్డకట్టి.
మూడో రోజు తార్తు ఊళ్లో, ల్యాబ్ బల్ల మీద
కవరు చింపింది లేలో.

అట్టముక్క మీద ఐదు నెత్తుటి చుక్కలు.
ఒక్కటీ గీత దాటలేదు.
పేరింకా పెట్టలేదు: "హిల్యే కూతురు, మూడో రోజు."

మడమలో సూది దిగితే
ఏ బిడ్డయినా కాలు ఝాడిస్తుంది,
చుక్క తోకచుక్కవుతుంది.
ఇరవై ఏళ్లలో ఇంత చక్కని చుక్కల్ని
లేలో వేళ్ల మీద లెక్కపెట్టగలదు.

ఆవగింజంత బిళ్ల కత్తిరించి
యంత్రానికిచ్చింది.
అంకె వచ్చింది.
మళ్లీ పెట్టింది. అదే అంకె.
మెడలోని సీతాకోకచిలుక
రెక్క తొడగనే లేదు.

ఫోన్లో తల్లి నమ్మలేదు.
"బంగారు తల్లండీ. ఏడవనే ఏడవదు.
పాలకి కూడా మేమే లేపాలి.
అదృష్టవంతురాలివే అంటోంది మా అత్త."

లేలో గొంతు సవరించుకుంది.

"కడుపుతో ఉన్నప్పుడు
చేప వాసన పడేది కాదు నాకు.
అందుకేనా?"
"కాదు."
"మరి..."
"కాదమ్మా. ఈ రాత్రికే మాత్ర మొదలెట్టాలి.
పాలచుక్కలో నలిపి. రోజూ."

ఏప్రిల్లో మంచు విడిచింది.
రెండో అట్ట వచ్చింది.
చుక్కల్లేవు, మరకలు.
ఒకటి అంచు దాటి పేరు మీదికి పాకింది.
పేరుందిప్పుడు: మారెత్.
కింద పెన్సిలుతో నర్సు:
"క్షమించాలి. ఇద్దరం పట్టుకున్నా ఆగలేదు.
తన్నింది."

నమూనా పనికిరాదు అని
ముద్ర కొట్టాలి, నియమం.
కొట్టింది లేలో,
ఎందుకో కాస్త గట్టిగానే.