పాయింట్ రెండు

సోమవారం. కలెక్టరాఫీసు వరండా.
నా టోకెను నూట పన్నెండు.

"క్రియాటినిన్ ఐదుండాల దమయంతమ్మా,
నీకు నాలుగు పాయింట్ ఎనిమిదే."
పాయింట్ రెండు తరుగు తీసీసినారు,
పలాస సేటు జీడిపప్పుకి తీసినట్టు.

అప్పీలు కాగితంలో 'బాధ వివరము' ఎదర
వేలెడు గీత.
వాచిన కాళ్లు అందులో పట్టనేదు.
రాత్రి మూడింటికి గోడ పట్టుకు నిలబడ్డం పట్టనేదు.
రోజుకి లీటరే నీళ్లన్నాడు డాక్టరు,
దాహం ఏ గడిలో రాయాల బావూ?

పిక్కల జిడ్డు నా వేలిముద్రలు తినీసింది.
మిషను మూడుసార్లు నన్ను నేను కాదంది.

గుమస్తా మంచోడే. గొంతు తగ్గించి,
"వచ్చే నెల టెస్టుకి పెరుగుతాదిలే" అన్నాడు,
దీవించినట్టు.
తలూపీసాను.

కంచిలి రైల్లో, కిటికీ పక్కన,
మొదటిసారి నా జబ్బుకి మొక్కుకున్నాను:
పాయింట్ రెండే.
పెరగవే తల్లీ.