మేజోడులో చిల్లర

ముందే ఒప్పుకుంటాను:
మావాడి మేజోడు నా మేజోడు కంటే పెద్దది.
తొమ్మిదో నంబరు.
ఒకప్పుడు నా బొటనవేలికి తొడిగితే
జారకుండా నిలిచేది.
అప్పుడు నాలుగు బొరుగుల ఉండలు, ఒక బుడగ,
బలపం ముక్క వేస్తే పొంగిపొర్లేది.
ఇప్పుడు చెయ్యి మోచేతిదాకా పోతుంది,
అడుగు తగలదు.

పూతలపట్టు దాటినాక
టికెట్లు కొడతా సీటు సీటూ చూసుకుంటా
ఈ వయసు పిల్లలకు ఏం కావాలో
నెల రోజులుగా చదువుతున్నాను.
ఒక చెవిలో తెల్ల వైరు, రెండో కొస పక్కపాప చెవిలో.
పగిలిన ఫోను అద్దానికి ప్లాస్టరు.
జడ క్లిప్పు పళ్ళతో కరిచిపట్టుకొని
సంచిలో రెండు రూపాయలు వెతుక్కునే పిల్ల.
"ఏం పాపా, క్రిస్మస్‌కు ఏమిస్తే సంతోషం?"
అడిగేసినాను కూడా.
"ముందు కూర్చోను సీటియ్యన్నా" అనింది.
బస్సంతా నవ్వింది.

మా అత్త తబితమ్మ చెబుతుంది:
బోర్డింగు స్కూల్లో దొరసాని
ఆడపిల్లలకు తలా ఒక మేజోడు పంచేదంట.
లోపల సగం సబ్బు, ఒక దువ్వెన,
ఏ ఊరివాళ్ళో రాసిన కార్డు.
చెప్పులే లేని కాళ్ళు వాళ్ళవి,
మేజోడును ఏం చెయ్యాలో తెలియక
బలపాలు దాచుకున్నారంట.
"సబ్బు రుద్దలేదు నాయనా,
ఈస్టరు దాకా వాసన చూసినాను."
వినేటప్పుడు మా కెజియా ఫోను చూస్తానే ఉంటుంది,
కానీ బొటనవేలు కదలదు.

గాంధీ రోడ్డులో మూడు సాయంత్రాలు తిరిగినాను.
వైరు అడిగితే ఏ ఫోనుకని అడిగినాడు,
నాకేం తెలుసు.
బొమ్మ కప్పు చూపించినాడు, మేజోడులో దూరదు.
సెంటు చూపించినాడు,
ధర చూసి మూత తియ్యకుండానే బయటికొచ్చినాను.

వాడికి రేజరు కొన్నాను.
ఆరు నెలలుగా నా రేజరు
పెట్టినచోట ఉండడం లేదు.
బ్లేడు సందులో నావి కాని వెంట్రుకలు,
నల్లగా, మెత్తగా.
నేను అడగలేదు. వాడు చెప్పలేదు.
ఇట్లాంటి సంగతి మేజోడు చెబితేనే మర్యాద.

కెజియాకు తాళంచెవి.
మా ఇంటిదే. బస్టాండు ముందర
గొడుగు కింద ముసలాయన ఆకురాయితో గీసిచ్చినాడు,
నలభై రూపాయలు.
తిరుపతి హాస్టలు నుంచి రాత్రి బస్సుకొస్తే
గేటుకాడ నిలబడిపోతుంది,
లేపడానికి మొహమాటం, కన్నింట్లో.
ఇక తలుపు కొట్టొద్దు అని చీటీ రాసి
చించేసినాను.
తాళంచెవికి చీటీ ఎందుకు.

అడుగున మండీ బెల్లం, ఒక్కో అచ్చు, కాగితం చుట్టి.
పైన ఇంకా ఎంతో జాగా.

ఇరవై రెండేళ్ళుగా నా నోట ఒకటే మాట:
"చిల్లర లేదు, దిగేటప్పుడు తీసుకో."
తీసుకోకుండానే ఎంతమంది దిగిపోయినారో.
అందుకే ఈసారి జీతంలో ఒక నోటు మార్చి
రూపాయలు, రెండ్లు, అయిదులు
గుప్పెళ్ళతో పోసినాను.
గోడమేకు వంగింది.
షారోను చూసి అనింది:
"ఇది పిల్లలకు కాదు, నీ పాపాలకు."

ఆ రాత్రి కడపటి ట్రిప్పు నాదే.
చంద్రగిరి కాడ మంచు,
డ్రైవరు అద్దం తుడుస్తానే ఉన్నాడు.
ఇల్లు చేరేసరికి వాకిట్లో నక్షత్రం ఒక్కటే మేలుకొనింది.
మేజోళ్ళు అప్పటికే ఖాళీ.
ఎంత పెరిగినా తెల్లారేదాకా ఆగరు.

పొద్దున చర్చికి మా ఎఫ్రాయీము
గడ్డం కోసుకున్నచోట
నా మిషను టికెట్టు ముక్క అంటించుకొని వచ్చినాడు.
కీర్తన పాడేటప్పుడు అది అదిరింది, ఊడలేదు.
చిత్తూరు కనబడతా ఉంది, తిరుపతి చిరిగిపోయింది.

కానుక సంచి మా వరసకొచ్చింది.
వాడు పిడికెడు వేసినాడు,
పాస్టరు గారు తలెత్తి చూసేంత చప్పుడు.
కెజియా చుడీదారు జేబులో చెయ్యి పెట్టి
చూసుకోకుండా తీసి
వెయ్యబోయి ఆగింది.

చేతిలో తాళంచెవి.

దాన్ని మళ్ళీ జేబులోకి జారవిడిచి
అయిదు రూపాయల బిళ్ళ కోసం వెతికింది.