కుడివైపు ఖాళీ

కాశీబుగ్గ పక్కన మా హైస్కూల్లో
ఎనిమిదో తరగతి బి సెక్షన్, వెనక గోడ.
పాత కేలండరు పోయినా మేకు మిగిలింది.
దానికి పురికొసతో రెండువందల పేజీల నోట్సు కట్టాను.
ప్రతి పేజీకీ మధ్యలో నిలువు గీత.
ఎడమవైపు రాసినవాళ్ళది, కుడివైపు చదివినవాళ్ళది.
అంతే రూలు. మార్కుల్లేవు.

వారం రోజులు ఎవరూ దాని జోలికి పోలేదు.
ఫేను గాలికి పేజీలు వాటంతటవే తిరిగేవి,
ఇంకా పేరు పెట్టని పసిబిడ్డ కాళ్ళాడించినట్టు.

ఎనిమిదో రోజు కూర్మారావు రాశాడు:
"ఈరోజు పప్పులో ఉప్పు నేదు."
కుడివైపు ఎవరో: "నీకు నేదేమో. నీది కూడా నాకే పడ్డాది."
క్లాసంతా నవ్వింది. నవ్వు వరండా దాటి
వంటపాక దాకా పోయింది.
చదువురాని నరసాయమ్మ గరిటె పట్టుకునే వచ్చి
"నా పప్పు మీద ఏటి రాసినారో సదవండర్రా" అంది.
రెండుసార్లు చదివించుకుంది.
మర్నాడు ఉప్పు సరిపోయింది.

ఇక పేజీలు ఆగలేదు.
జీడితోటలోకి ఎలుగ్గొడ్డు వచ్చిన రాత్రి,
మొగలిపొదలో పోయిన బంతి.
మందస కొండల నుంచి వచ్చిన బైరాగి అడిగాడు:
"సముద్రం రాత్రిపూట పడుకుంటాదా?"
కుడివైపు నువ్వలరేవు పిల్ల:
"పడుకోదు. మా నాన్నని పడుకోనివ్వదు."

పందొమ్మిదేళ్ళుగా వ్యాసాలు దిద్దుతున్నాను.
గ్రంథాలయం వల్ల ఉపయోగాలు, సమయపాలన.
నలభై నోట్సుల్లోనూ ఒకే ఆవు నడిచేది,
ఒకే గాటికి చేరేది.
ఎవరికి రాస్తున్నార్రా అని నేనెప్పుడూ అడగలేదు.
నా ఎర్రసిరాకే అని వాళ్ళకి తెలుసు.

కార్తీకంలో ఓ సోమవారం
బమ్మిడి డిల్లేశ్వరి రాసింది,
అక్షరాలు గీత దాటకుండా, ఒదిగి ఒదిగి:
"మాయమ్మ జీడిపిక్కల బట్టీకి ఎల్తాది.
సేతులు నల్లగైపోనాయి. సబ్బుకి పోవు.
అన్నం కలిపినప్పుడు నాను ఆ సేతులు సూడను."

నేను చెప్పకుండానే నా చెయ్యి
ఎర్రపెన్ను మూత తీసేసింది.
సేతులు కాదమ్మా, చేతులు.
ఎల్తాది కాదు, వెళ్తుంది.
ఇరవై ఏళ్ళ కిందట ట్రైనింగ్ కాలేజీలో
నా నాలుక మీంచి నేనే గీకి పారేసిన "స" అది.
పెన్ను కాగితానికి ఆనేలోపు
కుడివైపు చూశాను.

"మాయమ్మవీ."
ఆ కింద పెన్సిలుతో:
"మా పిన్ని బూడిద రాసుకుంటాది. ఐనా అంతే."
"ఆముదం రాస్తే నయం. మా మామ్మ సెప్పినాది."
ఇంకెవరిదో, ఏ తరగతిదో, పెద్ద పెద్ద అక్షరాలు:
"నాను సూస్తాను. సూడాల."

ఆఖరి గంట కొట్టారు. పిల్లలు వెళ్ళిపోయిన గదిలో
వాళ్ళ బెంచీలోనే ఇరుక్కుని కూర్చున్నాను,
మోకాళ్ళు డెస్కుకి తగులుతూ.
తారకేశు మర్చిపోయిన నీలంపెన్ను దొరికింది.
కుడివైపు అడుగున మిగిలిన రెండు లైన్లలో రాశాను:
"మా అమ్మ కూడా ఆ బట్టీలోనే పప్పు ఒలిచేది.
నన్ను చదివించినవి ఆ చేతులే. ఎవరికీ చెప్పలేదు."
సంతకం పెట్టలేదు.
నా రాత గుర్తుపట్టరా వాళ్ళు!

మర్నాడు ప్రేయరు కాకముందే వెళ్ళి చూశాను.
నా వాక్యంలో "చేతులే" చుట్టూ ఎర్ర సున్నా.
పైన బాణం గుర్తేసి, పొందికగా:
"సేతులు. సరిగ్గా రాయండి మేస్టారూ."

జేబు తడుముకున్నాను. ఎర్రపెన్ను లేదు.
ఎవరు తీశారో
ఇంతవరకూ అడగలేదు.