మూత మీద రాసున్నది

మొగిలి ఘాటు మూడో మలుపులో
లివరు మెత్తబడింది.
మిగల మాగిన బేనీషా కాయలా
నొక్కితే నొక్కినంత లోపలికి.
వెనక సీటుకు కట్టిన క్యానులో
నత్రజని చల్లగా పొగలు కక్కుతా ఉంది.
దాని చలిలో నిద్రపోతున్నాయి
ఇంకా పుట్టని యాభై దూడలు.
ముందర టమేటా లారీ.
గేరు దించి, చక్రాన్ని మట్టి అంచుకు రాసి
ఎట్లో ఆగినాను.
ఆగినాక కూడా చాలాసేపు
చెయ్యి లివరును వదల్లేదు.

మురకంబట్టులో చెంగల్రాయుడి షెడ్డు.
బండిని చూళ్ళేదు, నన్ను చూసినాడు.
"పోయినసారి ఏం పోసినావు?"

నేను పలకలేదు.

బ్రేకు డబ్బా కిటికీలో
బెల్లం పానకం రంగు.
"కొత్తప్పుడు తేనె కలిపిన నీళ్ళ మాదిరి ఉంటాది.
దీనికి దప్పి జాస్తి సామీ.
గాలిలో తడి తగిలితే చాలు, తాగతానే ఉంటాది.
దిగుట్లో డిస్కు కాలినప్పుడు
ఆ తాగిన నీళ్ళు ఆవిరవతాయి.
నూనె నలగదు. ఆవిరి నలగతాది.
ఘాటులో నువ్వు నొక్కింది బ్రేకును కాదు,
బుడగను."

పానాలు తుడుస్తున్న దిలావరు తలెత్తినాడు:
"డాట్ ఐదు పోస్తే పోలేదా అన్నా?
నాలుగు కన్నా ఐదు పెద్దది కదా."
చెంగల్రాయుడు నవ్వలేదు.
"ఇంటిపేరు ఒకటైతే ఇల్లు ఒకటవతాదా?
అది సిలికాను. ఇందులో కలవదు.
ఐదు పక్కన చుక్క పెట్టి ఒకటి రాసుంటే
అది మళ్ళీ మనోళ్ళే.
లెక్కలు నీకెందుకురా, బండిని అడుగు."
డబ్బా మూత మీద దుమ్మును
బొటనవేలితో తోసినాడు.
అక్షరాలు పైకి లేచినాయి:
డాట్ నాలుగు మాత్రమే.
సీలు విప్పని డబ్బాలోనిది మాత్రమే.

నా కుడిచేతికి జానెడు దూరంలో
ఆరేళ్ళుగా ఉన్న మాట.
ఎన్ని ఆవుల చెవి బిళ్ళల మీద
ఎన్ని నంబర్లు చదివినాను ఈ ఆరేళ్ళలో.

అప్పుడు చెప్పినాను.
బంగారుపాళ్యంలో తెలిసినాయన అంగట్లో
ఎవరికో పోయగా మిగిలిన సగం సీసా.
ఊరికే ఇచ్చినాడు.
నేనే పోసుకున్నాను, రోడ్డు పక్కన, గరాటా లేకుండా.

"మూత తీసి నెలలైన సీసా మంచిదేనని
కాణిపాకంలో ప్రమాణం చేస్తావా నువ్వు?"

చెయ్యను.
క్యానులోంచి తీసిన గడ్డిపరకంత గొట్టాన్ని
గోరువెచ్చని నీళ్ళలో కరిగించినాక
మళ్ళీ చలిలో పెట్టమని
ఏ రైతు బతిమాలినా నేను ఒప్పుకోను.
విప్పినది విప్పినట్టే వాడాల,
లేదా పారెయ్యాల.
నా పనిలో తెలిసిన సంగతి
నా బండి దగ్గర తెలియకపోయింది.

కొత్త సీసా మూత టక్కుమనింది.
పెట్రోలు ట్యాంకు మీద తడిగుడ్డ పరిచి
సన్న ధారగా పోసినాడు.
దిలావరు లివరు నొక్కి పట్టతాడు,
ఆయన కింద నిపిలు వదలతాడు, బిగిస్తాడు.
నొక్కు. పట్టు. వదులు.
తెల్లటి గొట్టంలో బుడగలు
ఒకదాని వెనక ఒకటి.
పానకం పోయింది, తేనెనీళ్ళు వచ్చినాయి.
చివరి బుడగ ఎంతకీ రాదే.
వంగి చూస్తూ ముగ్గురమూ మాట్లాడలేదు.

గుడ్డ తీసినాక కనిపించింది ట్యాంకు మీద
నా చేత్తో రాయించుకున్న ఫోన్ నంబరు.
పోయినేడు ఒలికిన చుక్క
చివరి ఎనిమిదిని ఎడమవైపు తినేసి
మూడుగా మిగిల్చింది.
ఆ మూడు పలమనేరులో ఒక టైలరుది.
ఏడాదిగా ఆయన
జాకెట్లు కుడతా కుడతా
ఎదకొచ్చిన ఆవుల కబుర్లు వింటున్నాడు.

సీసాలో సగం మిగిలింది.
అలవాటుగా చెయ్యి చాపి
వెనక్కి తీసుకున్నాను.

లివరు వేళ్ళ కింద గట్టిగా,
ఇంతవరకే, అని చెప్తా ఉంది.
కిక్కు కొట్టబోతుంటే ఫోను.
"టైలరును మాట్లాడతాండా.
మొగిలి కాడ నీ ఆవొకటి
పొద్దున్నించీ అరస్తా ఉందంట.
బిరీన పో.
నిదానంగా పో."