ఆయ్ అంటే ఒకటేనా

మొన్నటిదాకా మా రొయ్యల మేత డిపోకి
చెప్పడమే గాని వినడం తెలీదు.
"మీ బాకీ ఇంత. ఈ నంబరుకు జవాబు ఇవ్వవద్దు."
ఆకివీడు నుంచి కాళ్ళ దాకా పదకొండు వందల ఫోన్లు
జేబుల్లో ఒక్కసారి గిజగిజలాడి ఊరుకునేవి.
వద్దన్నా ఇచ్చిన జవాబులు
మురుగు కాలవలో పడి ఎటు పోయాయో.

పంట బోదెకి తూము పెట్టినట్టు
లెక్కల సాఫ్టువేరుకి లోపలికో దారి పెట్టాను.
ఔనంటే ఒకటి, కాదంటే రెండు.

మొదటి రాత్రే ఆ రెండూ చాల్లేదు.
"ఏవండీ, గుమాస్తాగారున్నారా"
"లారీ ఉండి వంతెన మీద ఆగిపోయిందంట, కనుక్కోండి"
"ముప్పై కౌంటు రేటెంత"
తడి చేత్తో తీసిన ఫొటో ఒకటి,
చెక్ ట్రేలో నాలుగు రొయ్యలు, తినకుండా వదిలేసిన మేత.
అన్నిటికన్నా ఎక్కువ
"ఆయ్".
వందకి నలభై మంది, "ఆయ్".

సాఫ్టువేరు అందరికీ ఒకే మర్యాద:
"క్షమించండి, అర్థం కాలేదు. ఒకటి లేదా రెండు పంపండి."
దానికీ "ఆయ్".

పుణె కంపెనీ కుర్రాడు ఫోన్లో అడిగాడు,
ఆ మాటకి అర్థం ఏంటి మేడమ్ అని.
ఔనని, అన్నాను.
ఒకటి పక్కన రాసుకున్నాడు.

వారం తిరక్కుండా వరహాలరాజు దిగాడు,
మోకాళ్ళ దాకా బురద.
"శనివారానికి రెండు లక్షలు కడతానని నేనెప్పుడన్నానమ్మా?"
తెర తిప్పి చూపించాను.
మంగళవారం, ఏడూ పది, ఆయ్.
"విన్నానని అండి దానర్థం!
ఎదుటి మనిషి చెబుతుంటే
ఊఁ కొట్టకుండా ఎలా ఉంటాం?"

ఆ సాయంత్రం ఒకటి గడిలోంచి దాన్ని తీసేశాను.
ఎక్కడ పెట్టాలో తెలీక మూడో గడి గీశాను.
పేరు లేకుండా కుదరదన్నాడు పుణె కుర్రాడు.
చుక్క పెట్టాను.
చుక్క గడిలో పడినవన్నీ నా ఫోనుకే వస్తాయి.

నిన్న రాత్రి రెండున్నర, గాలివాన, కరెంటు లేదు.
ఏలూరుపాడు చెరువు గట్టు మీంచి
నల్లి సువార్తమ్మ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
"ఏరేటర్లు ఆగిపోయాయి రొయ్య పైకి తేలతంది
ఆక్సిజన్ బిళ్ళలు ఉన్నయ్యా"

గోడౌను తాళం నా దగ్గరే ఉంది, వస్తున్నా అని కొట్టి
స్కూటీ తీశాను.
సందు చివర తిరుగుతుంటే జేబులో మోగింది.
చూడకుండానే తెలుసు, ఏ మాటో.

ఇరవై కిలోలు ఇచ్చాను.
బిల్లు ఇంకా కొట్టలేదు.