మూడో సంతకం

ఒప్పంద పత్రం మా బడికి
ఉప్పు బస్తాతో పాటు గుర్రమెక్కి వచ్చింది,
ఆగస్టు మంచులో.
కింద రెండు సంతకాలు:
ఒకటి విశ్వవిద్యాలయానిది, ఒకటి మంత్రిత్వ శాఖది.
మూడో సంతకానికి ఎవరూ గీత గీయలేదు.
నేనే గీసుకున్నాను, పెన్సిలుతో:
మఫియేలో, ఐదో తరగతి, హా లెబోనా బడి.
ఎవరికైనా చెరపాలనిపిస్తే
శ్రమ పడనక్కర్లేదని.

పత్రంలో నన్ను మార్గదర్శకురాలన్నారు.
ఇరవై రెండేళ్లుగా
నలభై ఆరుగురికి ముప్పై పుస్తకాలు సర్దుతున్నదాన్ని.
మార్గం సంగతి నన్నడిగితే
వాగు దాటాక ఎడమకు తిరగమంటాను.

ఆ పిల్ల వచ్చింది, కెనెఉవే.
రోమా నుంచి ఎనిమిది గంటలు, మూడు బండ్లు మారి.
పెట్టెలో సగం బట్టలు, సగం చార్టులు.
పాఠ ప్రణాళిక పదకొండు పేజీలు నా చేతిలో పెట్టింది.
నిమిషాల లెక్క కూడా ఉంది అందులో:
ఏడో నిమిషంలో పిల్లలు ఉత్సాహంగా స్పందిస్తారు.

ఏడో నిమిషం వచ్చింది.
రేకుల మీద మంచు ముద్ద ఒకటి
జర్రున జారి కింద పడింది.
స్పందన అదొక్కటే.

గుండ్రటి అట్టముక్క ఎత్తి, ఇంగ్లీషులో,
ఇది పిజ్జా అనుకోండి, అంది.
మా వాళ్లు దాన్ని మర్యాదగా చూశారు,
పొరుగూరి దేవుణ్ణి చూసినట్టు.

నా పక్కన డాక్టర్ త్సెహ్లో.
బడిలో అదనంగా ఉన్నది ఒకటో తరగతి కుర్చీ ఒక్కటే.
మోకాళ్లు గడ్డాన్ని తాకుతుంటే
ఆ మోకాళ్లనే బల్ల చేసుకుని
ఫారంలో గళ్లు నింపుతున్నాడు.
మూరెడు దూరంలో కూర్చున్నాడు గాని
ఎనిమిది గంటల దారి
మా మధ్య అలాగే పడుకుని ఉంది.

లేచి నేనే చెప్పేద్దామనుకున్నాను.
నాలుక చివర పాఠం, వేళ్ల చివర సుద్ద.
లేవలేదు.
తప్పటడుగుల పిల్లను చంకనెత్తుకుంటే
నడక మన కాళ్లకే మిగిలిపోతుంది.
అలాగని కూర్చోవడం తేలికా?
నా జేబులో సుద్ద రెండు ముక్కలైంది.

అప్పుడు లేచాడు లేఫా,
గొర్రెల్ని తోలి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడు.
మా భాషలో అడిగాడు:
"మంచుకి పావు మంద పోయిందని
మా మామ ఆసామికి చెప్పాడు.
మంద నలభై నాలుగు. చచ్చినవి తొమ్మిది.
నేనే పాతాను.
మా మామ అబద్ధమాడాడా, మేడమ్?"

ఆ పిల్ల పదకొండు పేజీల వైపు చూసింది.
వాటిల్లో లేఫా లేడు.
పేజీలు కిటికీలో పెట్టి
వంటగది నుంచి చిక్కుడు గింజలు తెచ్చి
నేల మీద పోసింది. తనూ నేల మీదే కూర్చుంది.
ఇంగ్లీషు ఎక్కడ జారిపోయిందో ఎవరూ చూడలేదు.
నలభై ఆరు తలలు ఒక్కచోట.
నాలుగు కుప్పలు. కుప్పకు పదకొండు.
ఒక కుప్పలోంచి తొమ్మిది తీశారు.

రెండు గింజలు మిగిలాయి.

తరగతికి తరగతి ఆ రెండింటినే చూస్తోంది.
ఆమె జవాబు చెప్పలేదు. అడగనూ లేదు. ఆగింది.
లేఫా వంగి
ఆ రెండూ ఏరి జేబులో వేసుకున్నాడు.

డాక్టర్ గారి పెన్ను గాల్లో ఆగిపోయింది.
"మే మఫియేలో, దీన్ని ఏ గడిలో రాయాలి?"
నాకేం తెలుసు?
అంచున తెల్లగా వదిలేశారే, అక్కడ రాయండి, అన్నాను.

అక్టోబరులో నన్ను రోమాకు పిలిచారు.
ఎత్తైన హాలు, ఎనభై మంది కుర్రవాళ్లు, మైకు.
నాకు ఉపన్యాసం రాదు.
పేర్లు మార్చి ఆ లెక్కే చెప్పి
ఊరుకున్నాను.
ఎవరో దగ్గారు. ఎవరో ఫోను దాచారు.
ఏడో నిమిషం దాకా ఓర్చుకుంటే చాలనుకున్నాను,
నాలుగో నిమిషంలోనే వెనక వరుసలో చెయ్యి లేచింది.
త్సెహ్లో గారిది.
"జవాబు తెలిశాక," అన్నాడు,
"ఆ కుర్రాడు ఇంటికెలా వెళ్లాడు?"
నేను ఆ సంగతి అడగనేలేదు.

ఈ ఏడు కొత్త పత్రం వచ్చింది,
మూడు గీతలతో, నా పేరు అచ్చులో.
వెనక ఇంకో గుర్రం మీద
కాళ్లు ఆకాశానికి పెట్టి
ఒక పెద్ద కుర్చీ.
సంతకం మళ్లీ పెన్సిలుతోనే పెట్టాను, అలవాటు.

లేఫా ఇప్పుడు ఆరో తరగతి.
మామ మందనే కాస్తున్నాడు.
జేబు తడుముకుంటూ నడుస్తాడు.